ఎంతమంది కోసం రాయాలి?

తమ్ముడికి,

నీ ఉత్తరమూ, దాంతో పంపిన కథ రెండు రూపాలూ చదివాను. "ఎక్కువమందికి చేరాలని రాయడం తప్పా అన్నా?" అని అడిగావు. తప్పేముంది? "నాకోసమే రాసుకుంటున్నా" అనేవాళ్ల మాట నేను పెద్దగా నమ్మను. అదే నిజమైతే డైరీ చాలు, పత్రికకు పంపడం దేనికి? మన దగ్గర వెయ్యి కాపీల కథల పుస్తకం అమ్ముడుపోవడానికే ఏళ్లు పడుతోంది. ఉన్న నలుగురినీ వద్దనుకోవడం గొప్పేం కాదు.

నా పేచీ అంతా నీ రెండో రూపంతోనే. మొదటిదాంట్లో, పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆవిడ పెళ్లిచూపుల్లో కూతురి పక్కన కూర్చుని, నల్లబడ్డ వేళ్లు కొంగు కింద దాచుకుంటుంది. ఒక్క మాటా అనదు. అక్కడ చాలాసేపు ఆగిపోయాను. ఎపిసోడ్ చివర ట్విస్ట్ కావాలని కథల యాప్ వాళ్లు అడిగారని, రెండోదాంట్లో పెళ్లికొడుకు తండ్రిని ఆవిడ పాత ప్రేమికుణ్ణి చేసేశావు. పైగా జీడిరసం చర్మాన్ని ఎలా కాలుస్తుందో ఆవిడ చేతే ఉపన్యాసం ఇప్పించావు. పక్కనే కూర్చుని పిక్కలు కొట్టేవాళ్లకు తెలియనిదా అది? మరి ఎవరికి చెప్పించినట్టు? నువ్వెన్నడూ చూడని ఓ "కామన్ రీడర్"కి. చెప్తే తప్ప వాడికి ఏదీ అర్థం కాదని ముందే తీర్మానించుకున్నావు.

గురజాడ సంగతి చూడు. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడింది, 1897లో అచ్చయింది. చదువురానివాళ్లు కూడా చూడగలిగే నాటకాన్నీ, జనం మాట్లాడుకునే భాషనూ పట్టుకున్నాడంటే పదిమందికీ చేరాలనే కదా! పేరొచ్చాక దాన్ని ఇంకా పొట్టి చేసి, తేలిక చేసి ఊరూరా ఆడించుకోవచ్చు. ఆయన అలా చేయలేదు. 1909 కూర్పు కోసం బాగా పెంచి, దాదాపు కొత్త నాటకమే రాశాడు. మొత్తం ఒక్క రాత్రిలో ఆడటం కష్టమైపోయింది. ఇప్పటికీ నాటకాల వాళ్లు కుదించుకునే ఆడతారు. అయితేనేం, మనం తల్చుకునే మధురవాణి ఆ పెంచిన కూర్పులోదే.

అలాగని అర్థం కాకుండా రాసి, అది పాఠకుడి ఖర్మ అనుకునేవాళ్లను వెనకేసుకురావడం లేదు. (వాళ్లలో నా స్నేహితులూ ఉన్నారు, ఈ ఉత్తరం ఎవరికీ చూపించకు.) వాళ్లూ నీలాగే పాఠకుణ్ణి తక్కువగా చూస్తారు. కాకపోతే నువ్వు విప్పి చెప్పి విసిగిస్తావు, వాళ్లు చెప్పకుండా ఏడిపిస్తారు.

యాప్‌లో నాలుగు డబ్బులొస్తున్నాయన్నావు, రానీ. దానికి వేరే సీరియల్ మొదలుపెట్టు, ట్విస్టులు ఎన్ని కావాలంటే అన్ని పెట్టు. అదీ ఒళ్లు దగ్గర పెట్టుకునే రాయాలి సుమా, చులకనగా రాస్తే చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఈ కథకు మాత్రం మొదటి రూపమే ఉంచు. చివర్లో పెళ్లికొడుకు తల్లి అనే మాటలు రెండు ఎక్కువయ్యాయి. అవి కొట్టేసి, ఫెయిర్ చేసి, ఈ వారంలోనే పత్రికకు పంపించెయ్.

ఆశీస్సులతో,
మీ అన్న