రెండు రెక్కల వాల్వు గురించి మా అబ్బికి

అబ్బీ,

ఉద్యోగం మెడికల్ టెస్టులో నీ గుండెలో మామూలుగా ఉండని చప్పుడు వినిపించిందని, ఎకో (గుండె స్కానింగ్) తీస్తే ‘బైకస్పిడ్ అయోర్టిక్ వాల్వ్’ అని తేలిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కడుపుతో ఉన్నప్పుడు తానేదో తినకూడనిది తిన్నానని ఒకటే ఏడుపు. ముందు ఆమెకు చెప్పు, ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆ వాల్వంటే గుండె నుంచి ఒంటికి రక్తం పోయే దారిలో ఉండే తలుపు. దానికి మూడు రెక్కలుండాలి, నీకు పుట్టుకతోనే రెండే ఉన్నాయి. నూటికి ఒకరిద్దరికి ఉంటుంది. నాకూ అదే కదా.

ఏళ్లు గడిచేకొద్దీ ఆ రెక్కలు గట్టిపడి దారి ఇరుకవ్వచ్చు, లేదా సరిగ్గా మూసుకోక రక్తం వెనక్కి కారొచ్చు. కొందరికి వాల్వు పైనున్న పెద్ద రక్తనాళం, మహాధమని (అయోర్టా), ఉబ్బుతుంది. ఇవేవీ చాలాకాలం ఒంటికి తెలియవు. అందుకే బాగానే ఉన్నా కదా అని ఎకో మానొద్దు. రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో పెట్టు. గ్రేడియంట్ (వాల్వుకు అటూ ఇటూ రక్తం ఒత్తిడిలో తేడా), అయోర్టా సైజు పోయినసారికీ ఇప్పటికీ ఎంత మారాయో డాక్టర్ని నువ్వే అడుగు.

నాకు ఎక్కువ భయం జ్వరం గురించే. మన పల్లెల్లో ఒళ్లు వెచ్చబడితే చాలు, ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి సూది వేయించుకుని యాంటీబయాటిక్ మింగేస్తారు. నువ్వు అట్ల చేయొద్దు. కారణం తెలియని జ్వరం వారమైనా తగ్గకపోతే వాల్వుకు ఇన్ఫెక్షన్ సోకిందేమో చూడాలి. మందు ముందే పడితే బ్లడ్ కల్చర్‌లో, అంటే రక్తంలో క్రిముల్ని పెంచి చూసే పరీక్షలో, క్రిమి దొరక్కపోవచ్చు. ‘నాకు వాల్వు లోపం ఉంది, ముందు కల్చర్‌కు రక్తం తీయండి’ అని మొహమాటం లేకుండా చెప్పు. చాలాసార్లు ఆ క్రిములు నోట్లోంచే రక్తంలోకి చేరతాయి, పళ్లు, చిగుళ్లు జాగ్రత్త.

నడక, ఆటలు మానక్కర్లేదు. జిమ్‌లో ఊపిరి బిగబట్టి పెద్ద బరువులెత్తడం మాత్రం డాక్టర్ని అడిగేదాకా ఆపు. బీపీ చూపించుకుంటూ ఉండు. మెట్లెక్కితే ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏదొచ్చినా తర్వాతి ఎకో గడువు కోసం చూడకుండా వెంటనే వెళ్లు.

ఆపరేషన్ మాట ఇప్పుడే వద్దు. అవసరమైతే పక్కనే పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రి ఉంది, 1991 నుంచి గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్నారు. నాది మెకానికల్ వాల్వు, రాత్రి ఇల్లు సద్దుమణిగాక టిక్ టిక్‌మని వినబడుతుంది. దానిమీద రక్తం గడ్డకట్టకుండా బతికినన్నాళ్లూ వార్ఫరిన్ మాత్ర వేసుకోవాలి. ఆకుకూరలు ఆ మందు పనిని తగ్గిస్తాయి. తోటకూర మానలేదు గానీ, ఒక వారం రోజూ తిని ఇంకో వారం ముట్టకపోతే ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చెప్పే అంకె) అటూ ఇటూ అవుతుంది, అందుకే మీ పెద్దమ్మ ఎప్పుడూ ఒకే కొలతలో వండుతుంది.

ఇది కుటుంబాల్లో వస్తుంది. మీ నాయనకూ, చెల్లెలికీ కూడా ఎకో తీయించాలి. ‘నాకేం రోగం’ అంటాడు మా తమ్ముడు. చెల్లెలికి తోడు రమ్మని అనంతపురం పిలిపించి, ఇద్దరికీ ఒకే రోజు తీయించు.

మీ పెదనాయన