క్లూనీ సైకిల్ దారి: టెన్షన్ పడాల్సింది బండ్ల గురించి కాదు

"అక్కా, కారు లేదు, ఇక్కడి లైసెన్స్ లేదు. సైకిల్ తీసుకుని రోడ్డెక్కాలంటే భయం. శని, ఆదివారాలు గదిలోనే గడిచిపోతున్నాయి." ఫ్రాన్సులో డిజోన్, ల్యోన్, ల క్రూజో వైపు చదువుకోడానికి వచ్చిన పిల్లలు అడిగే మాట ఇది. అద్దె ఇల్లు, బ్యాంకు ఖాతా, కాఫ్ (అద్దెకి సర్కారు ఇచ్చే సాయం) డబ్బు లాంటి సందేహాలన్నీ తీరాక మెల్లగా బయటికొస్తుంది.

నా జవాబు ఎప్పుడూ ఒకటే. ముందు క్లూనీ వెళ్లండి. దక్షిణ బుర్గుండీలో ఐదు వేల మంది కూడా ఉండీ లేని చిన్న ఊరు. అక్కడి నుంచి ఉత్తరాన జివ్రీ దాకా 44 కిలోమీటర్లు, దక్షిణాన మాకోన్ శివార్ల దాకా ఇంకో ఇరవై చిల్లర కిలోమీటర్లు, మోటారు బండి రాని దారి ఉంది. ఒకప్పుడు రైలు నడిచిన మార్గమే. పట్టాలు పీకేసి నున్నగా తారు పోశారు. జివ్రీ, క్లూనీల మధ్య ముక్క 1997లో మొదలైంది. ఫ్రాన్సులో ఈ రకం దారుల్లో ఇదే మొదటిది. వీటిని 'వ్వా వెర్త్' అంటారు, అంటే పచ్చ దారి, కానీ బోర్డు మాత్రం నీలం. సైకిళ్లు, నడిచేవాళ్లు, కాళ్లకు చక్రాలు కట్టుకుని జారిపోయేవాళ్లు, అప్పుడప్పుడు గుర్రాలు, అంతే. రైలు కోసం వేసిన దారి కాబట్టి నిట్టనిలువు ఎత్తులుండవు. గేర్లు మార్చడం రానివాళ్లు కూడా పోగలరు.

కాబట్టి లారీల గురించి టెన్షన్ వద్దు. ఇక్కడ టెన్షన్ పడాల్సింది తిండి గురించి, తిరుగు రైలు గురించి. వాటికంటే ముందు మన అలవాట్ల సంగతి చెప్పాలి.

మనది చిన్నప్పటి నుంచీ ఎడమ పక్కన పోయే ప్రాణం. ఇక్కడ కుడి. దారి ఖాళీగా ఉన్నంతసేపు బుద్ధిగా కుడి పక్కనే పోతాం. మలుపులో ఎవరో హఠాత్తుగా ఎదురొస్తే మాత్రం చేయి దానంతటదే హ్యాండిల్‌ని ఎడమకి తిప్పేస్తుంది. వాళ్లు వచ్చేది సరిగ్గా అటు నుంచే. మొదటి అరగంట నెమ్మదిగా పోతే చాలు, చేయి దారికొస్తుంది. బ్రేకులదీ అదే కథ. మన దగ్గర చాలా సైకిళ్లకు కుడి లీవరు ముందు చక్రాన్ని పడుతుంది, ఇక్కడ మామూలుగా ఎడమది. ఎక్కేముందు ఒకసారి నొక్కి చూసుకోండి. ఎవరినైనా దాటేటప్పుడు ఎడమ నుంచి దాటాలి, గంట కొట్టాలి. కొట్టి ఒక 'బోఁజూర్' పడేస్తే, వాళ్ల కుక్క కూడా పక్కకి జరుగుతుంది.

మోటారు బండ్లు రావన్నాను గానీ, పల్లె రోడ్లు ఈ దారిని అడ్డంగా దాటుతుంటాయి. ఆ చోట్ల అడ్డగేట్లు పెట్టి ఉంటాయి, చాలావాటిల్లో ఆగాల్సింది మనమే. బోర్డు చూసుకోండి. వెనక పిల్లల ట్రెయిలర్ ఉంటే గేటు సందులో ఇరుక్కుంటుంది, దిగి నడిపించండి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి, అది వెనక సీట్లో కూర్చున్న బుజ్జిగాడికైనా సరే. లేకపోతే వెంట ఉన్న పెద్దవాళ్లకు 135 యూరోల జరిమానా. చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని తొక్కితే అది కూడా 135. ఇంకోటి, దారి పక్కన చాలాచోట్ల ద్రాక్షతోటలే. వైన్ రుచి చూడమని పిలుస్తారు. మద్యం విషయంలో కారు నడిపేవాడికి ఏ రూలో సైకిల్ తొక్కేవాడికీ అదే.

ఇక ఎటు పోవాలి? మొదటిసారి ఉత్తరానికే పొమ్మంటాను. పక్కనే గ్రోన్ నది, పచ్చిక బయళ్లలో తెల్లటి షరొలే ఆవులు. పది కిలోమీటర్లు దాటగానే కుడివైపో ఎడమవైపో అని వెతుక్కోనక్కర్లేకుండా తెజే బోర్డు కనిపిస్తుంది. 1940లో మొదలైన క్రైస్తవ సమాజం అది. వేసవిలో అన్ని దేశాల నుంచి కుర్రకారు వేలల్లో వచ్చి కొండమీద గుడారాల్లో ఉంటారు. ప్రార్థనకు ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు, ఏ మతమని అడగరు. ఇంకొంచెం పోతే కొర్మతాన్, పదిహేడో శతాబ్దపు కోట, తోటలు. మొదటి రోజుకి అక్కడి నుంచి వెనక్కి తిరిగితే సరిపోతుంది. క్లూనీలోని మఠాన్ని మాత్రం వదలొద్దు. 910లో పుట్టిన మఠం, ఒకప్పుడు దాని చర్చి క్రైస్తవ లోకంలోనే పెద్దది. ఫ్రెంచి విప్లవం తర్వాత రాళ్లు రాళ్లుగా అమ్మేశారు. ఇప్పుడు మిగిలింది పదో వంతు కూడా లేదు, ఆ మిగిలిందే తల పైకెత్తి చూడాలి.

దక్షిణం వైపు అందం ఎక్కువ, తంటా కూడా కొంచెం ఎక్కువ. క్లూనీ నుంచి దారి మెల్లగా ఎక్కి బ్వా క్లేర్ సొరంగంలోకి దూరుతుంది. పొడవు 1.6 కిలోమీటర్లు. బయట రోహిణి కార్తె లాంటి ఎండ ఉన్నా లోపల ఒకటే చలి. చెమటతో తడిసిన చొక్కాతో దూరితే పళ్లు కొట్టుకుంటాయి. గాలి చొరబడని పల్చటి జాకెట్ ఒకటి బ్యాగులో పైనే ఉంచుకోండి. దీపాలున్నా మీ లైటు మీరు వేసుకోండి. అసలు సంగతి ఏంటంటే, చలికాలంలో ఈ సొరంగాన్ని మూసేస్తారు, లోపల గబ్బిలాలు నిద్రపోతాయని. అప్పుడు కొండ మీదుగా ఎక్కి దిగాలి, ఆ ఎక్కుడు కొత్తవాళ్లకు కాదు. నవంబరులోనో ఫిబ్రవరిలోనో ప్లాన్ వేసుకునేవాళ్లు ముందే టూరిస్టు ఆఫీసులో కనుక్కోండి. సొరంగం దాటాక మాత్రం పెడల్ తొక్కే పని తక్కువ. కొండవాలున బెర్జే కోట, దాని కింద వరసలు దువ్వినట్టు ద్రాక్షతోటలు చూస్తూ దిగిపోవడమే.

ఇప్పుడు తిండి. మన హైవే మీదలా పది కిలోమీటర్లకో టీకొట్టు, టిఫిన్ సెంటరు ఉంటుందనుకుంటే పస్తులే. పల్లె రెస్టారెంట్‌లో మధ్యాహ్నం పన్నెండుకి వంట మొదలు, ఒకటిన్నర దాటితే పొయ్యి ఆర్పేస్తారు. రెండుకి వెళ్లి ఎంత బతిమాలినా కాఫీ తప్ప ఏమీ పెట్టరు. పెట్టనందుకు వాళ్లకి మొహమాటం కూడా ఉండదు. ఆదివారం మధ్యాహ్నం తర్వాత కిరాణా మూత, సోమవారం చాలా చోట్ల బేకరీ కూడా మూతే. శాకాహారులకైతే మెనూలో మిగిలేది ఆమ్లెట్టో, మేక చీజ్ వేసిన సలాడో. ఈ ప్రాంతపు మేక చీజ్ బావుంటుంది గానీ, పొద్దున్నుంచి తొక్కినవాడి కడుపు దాంతో నిండదు. అందుకే పులిహోర. పెరుగన్నం ఎండకి పులుస్తుంది, పులిహోరకి ఆ భయం లేదు. నాలుగు వేయించిన పల్లీలు ఎక్కువే వేసుకోండి. పాత స్టేషన్ల దగ్గర కూర్చోడానికి బల్లలుంటాయి, డబ్బా విప్పితే పక్క బల్లవాళ్లు అదేంటని అడుగుతారు, రుచి చూపించండి.

నీళ్లకి ఓ చిట్కా. ఇక్కడ దూరాలు తొక్కేవాళ్లందరికీ తెలిసిందే: సీసా ఖాళీ అయితే ఊరి శ్మశానానికి వెళ్తారు. ముఖం చిట్లించకండి! సమాధుల మీద పూలమొక్కలకు నీళ్లు పొయ్యడానికి గేటు దగ్గర కుళాయి ఉంటుంది. ఊరి మంచినీళ్లే అయి ఉంటాయి చాలాసార్లు. 'నోఁ పొతాబ్ల్' (తాగడానికి పనికిరావు) అని రాసుంటే మాత్రం తాగొద్దు. మా అత్తగారు వచ్చినప్పుడు ఆ నీళ్లు ముట్టలేదు, చర్చి ముందున్న కుళాయి దాకా తొక్కించారు మమ్మల్ని.

అమ్మానాన్నలు వేసవికి వస్తే ఈ దారికి తీసుకెళ్లండి. క్లూనీలో పాత స్టేషన్ దగ్గర అద్దెకి సైకిళ్లు దొరుకుతాయి, బ్యాటరీవి కూడా. ముప్పై ఏళ్ల కింద స్కూలుకి తొక్కిన నాన్నలు మొదట వద్దంటారు, తర్వాత మనకంటే ముందుంటారు. అమ్మ చీర కట్టుకుంటానంటే చైన్‌కి కవరున్న, నడుమ కడ్డీ లేని సైకిల్ అడగండి. చున్నీ అయినా కుచ్చిళ్లయినా చక్రంలో పడకుండా బిగించుకోవాలి.

సొంతానికి కొనుక్కునేవాళ్లు కొండలెక్కే లావు టైర్ల సైకిల్ కోసం డబ్బు పొయ్యకండి, తారు మీద అది దండగ. మడ్‌గార్డు, క్యారియర్, లైట్లు ఉన్న మామూలు టూరింగ్ సైకిల్ చాలు. 2021 నుంచి షాపులో అమ్మే ప్రతి సైకిల్‌కీ ఫ్రేమ్ మీద గుర్తింపు నంబరు వెయ్యాలి. సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు ఆ నంబరు, పాత బిల్లు అడగండి. రెండూ లేకుండా మరీ చవగ్గా ఇస్తున్నారంటే ఎవరిదో కొట్టుకొచ్చింది అనుకోవడమే మంచిది. మీ ఇంటి బీమాలో బాధ్యత బీమా కలిసి ఉందో లేదో చూసుకోండి. మీరెవరినైనా గుద్దితే ఆ ఖర్చు భరించేది అదే.

కాళ్లు కుదిరాక రెండు మూడు రోజుల చుట్టు ఒకటుంది. షాలోన్‌లో రైలు దిగి జివ్రీ, క్లూనీ మీదుగా మాకోన్ చేరి, అక్కడి నుంచి సోన్ నది ఒడ్డున తూర్నూ మీదుగా మళ్లీ షాలోన్. అంతా కలిపి 140 నుంచి 150 కిలోమీటర్లు. క్లూనీలో ఊరి క్యాంపింగ్‌లో చిన్న గుడారం వేసుకోవచ్చు. ఎక్కడపడితే అక్కడ పొలాల్లో వేస్తే ఊరుకోరు. చలికాలంలో, వసంతం మొదట్లో సోన్ పొంగి ఒడ్డు దారి మునుగుతుంటుంది. ఉత్తరపు గాలి వీచే రోజైతే మాకోన్ నుంచి షాలోన్ దాకా ఎదురుగాలి తప్పదు, మాకోన్‌లోనే రైలెక్కెయ్యండి, ఎవరూ మార్కులు తగ్గించరు.

ఆ రైలు డిజోన్, ల్యోన్‌ల మధ్య తిరిగే ప్రాంతీయ రైలు. సైకిల్‌కి వేరే టికెట్ లేదు, కానీ కొక్కేలు కొన్నే ఉంటాయి. ఎండ కాసిన ఆదివారం సాయంత్రం అందరూ ఒకే బండికి వస్తారు. ఆఖరి రైలు చూసుకుని, దానికి రెండు ముందుదానికి స్టేషన్ చేరండి. సైకిల్ బొమ్మ ఉన్న పెట్టె ముందుందో వెనకుందో తెలియదు కాబట్టి ప్లాట్‌ఫాం మధ్యలో నిలబడండి.