తడబాటు ముఖానికి అంత గిరాకీ ఎందుకు?

ప్రశ్న: నలుగురిలో ఎలా మెలగాలో తెలియక ఇబ్బంది పడే హాస్యపాత్రలే ఎక్కువగా మీమ్‌లుగా మారుతున్నాయి. గుక్కతిప్పుకోకుండా మాటలతో నవ్వించే నటులకు ఆ అదృష్టం అంతగా పట్టడం లేదు. కారణమేమిటి?

జవాబు: మాటల చమత్కారం ఆ భాష వచ్చినవారికి, ఆ సందర్భం తెలిసినవారికి మాత్రమే అందుతుంది. బిక్కమొహానికి ఆ ఇబ్బంది లేదు. ఈ సంగతిని బ్రిటిష్ హాస్యనటుడు రోవాన్ అట్కిన్సన్ మీమ్‌ల కాలానికి చాలా ముందే పరీక్షించి చూశారు. 1987లో కెనడాలోని మాంట్రియల్ హాస్యోత్సవానికి వెళ్లినప్పుడు ఆయన తన ప్రదర్శనను ఇంగ్లిషు కార్యక్రమంలో కాకుండా, పట్టుబట్టి ఫ్రెంచి కార్యక్రమంలో పెట్టించుకున్నారు. మాటల ఆసరా లేకుండా తన పాత్ర పరభాషా ప్రేక్షకులను నవ్వించగలదో లేదో తేల్చుకోవడమే ఆయన ఉద్దేశం. ఆ పాత్రే 1990 జనవరి 1న మిస్టర్ బీన్‌గా బ్రిటిష్ టెలివిజన్‌లో కనిపించింది. మొదటి భాగంలోనే పరీక్ష హాలు ఘట్టం ఉంది. పక్కవాడి జవాబు పత్రం కోసం బీన్ మెడ సాగుతుంది, కళ్లు మూలకు జారుతాయి, పక్కవాడు కదిలితే చాలు ఏమీ ఎరగనట్టు చూపు మళ్లుతుంది. అందులో ఎక్కడ ఆపి స్క్రీన్‌షాట్ తీసుకున్నా, ముందు ఏం జరిగిందో, తర్వాత ఏం జరగబోతోందో ఆ ఒక్క బొమ్మే చెప్పేస్తుంది. మీమ్ చేసేవారికి కావలసింది సరిగ్గా అదే.

రెండో కారణం ఇంకా లోతైనది. ఇతరులు నవ్వులపాలవుతుంటే చూసేవారికి కూడా ఒళ్లు ముడుచుకుపోతుంది. 2011లో ప్రచురితమైన ఒక జర్మన్ పరిశోధన ప్రకారం, అటువంటి సందర్భాలను చూసేటప్పుడు, ఎదుటివారి నొప్పికి స్పందించే మెదడు భాగాలే చురుకుగా పనిచేస్తాయి. నవ్వులపాలవుతున్న వ్యక్తికి తన పరిస్థితి తెలియకపోయినా ఈ స్పందన కలుగుతుంది. తడబడే హాస్యపాత్రకు తన తడబాటు తెలియదు కాబట్టి ఆ సిగ్గు భారం మొత్తం ప్రేక్షకుడి మీద పడుతుంది, నవ్వు ఆ భారాన్ని దింపుతుంది. పైగా, పదిమందిలో తాను తెల్లమొహం వేశానని ఎవరూ నోరు తెరిచి చెప్పుకోరు. ఆ మాటను ఒక బీన్ బొమ్మ చేత చెప్పించడం మాత్రం ఎవరికీ నామోషీ కాదు. బ్రహ్మానందం గారి స్టిక్కర్‌తో జవాబిచ్చేవారిలో ఎందరు ఆ అసలు సన్నివేశం చూసి ఉంటారో గమనిస్తే ఈ విషయం బోధపడుతుంది.

చివరికి ఆ పాత్ర నటుడి పేరును కూడా వదిలించుకుంటుంది. అమెరికన్ హాస్యనటుడు టిమ్ రాబిన్సన్ 2019లో చేసిన ఒక చిన్న నాటికలో హాట్‌డాగ్ ఆకారంలో ఉన్న కారు ఒక బట్టల దుకాణంలోకి దూసుకువస్తుంది. హాట్‌డాగ్ వేషం వేసుకున్న మనిషి ఆ గుంపులోనే నిలబడి, ఈ పని చేసినవాడిని పట్టుకోవాలని అందరికంటే గట్టిగా అరుస్తాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్న రకం అన్నమాట. తప్పు తామే చేసి, దోషిని వెతుకుతున్నట్టు ప్రకటనలిచ్చే నాయకులకూ సంస్థలకూ ఈ బొమ్మ ఇప్పుడు సిద్ధంగా ఉంది. దాన్ని పంపేవారిలో చాలామందికి రాబిన్సన్ ఎవరో తెలిసి ఉండనక్కరలేదు.

ప్రశ్న: నేను కావాలనే తడబడుతున్నట్టు నటిస్తూ చిన్న వీడియోలు పెడుతున్నాను. చూసినవారు నవ్వుతున్నారు గాని ఒక్కరూ మీమ్ చేయడం లేదు. లోపం ఎక్కడుంది?

జవాబు: నవ్వించడం, మీమ్‌గా పనికిరావడం ఒకటి కావు. ఇటువంటి వీడియోలలో తరచుగా కనిపించే లోపం ఏమిటంటే, తడబడిన వెంటనే నటుడి పెదవి చివర ఒక చిన్న నవ్వు మెరుస్తుంది. తాను నటిస్తున్నానని ప్రేక్షకుడికి గుర్తుచేసే ఆ నవ్వుతోనే పాత్ర చచ్చిపోతుంది. ఇబ్బంది పడిన ముఖాన్ని ఒకటి రెండు క్షణాలపాటు కదలకుండా నిలపండి, కెమెరాను దగ్గరగా ఉంచండి, వెనుక గోడ ఖాళీగా ఉంటే మరీ మంచిది. ముఖ్యంగా తెర నిండా మీ మాటలే రాసిపెట్టకండి. ఇతరులు తమ కష్టాన్ని రాసుకోవడానికి చోటు మిగలాలి కదా! టిక్‌టాక్ వీడియోల ఖాబీ లేమ్‌ను గమనించండి. ఆయనది తడబాటు కాదు, విసుగు. అయినా పద్ధతి ఇదే. 2020లో ఇటలీలో ఫ్యాక్టరీ ఉద్యోగం పోయాక వీడియోలు మొదలుపెట్టిన ఆయన, మాట్లాడకుండా రెండు అరచేతులు చాచి చూపే ఒకే ఒక్క భంగిమతో 2022 జూన్ నాటికి టిక్‌టాక్‌లో అత్యధిక అనుచరులున్న వ్యక్తి అయ్యారు.

ప్రశ్న: నటుడు కాని మామూలు మనిషి ముఖం ఇలా వైరల్ అయితే అతని పరిస్థితి ఏమిటి?

జవాబు: నటుడికి వేషం విప్పే వీలుంది, మామూలు మనిషికి లేదు. హంగరీకి చెందిన ఆంద్రాష్ అరటో విద్యుత్ ఇంజినీరు (అట్కిన్సన్ చదివింది కూడా ఆ చదువే కావడం యాదృచ్ఛికం). ఆయన ప్రకటనలకు వాడుకునే ఫొటోల కోసం నవ్వుతూ నిలబడితే, ఆ నవ్వు వెనుక ఏదో బాధ దాగి ఉన్నట్టు ఇంటర్నెట్ జనానికి తోచింది. తన బొమ్మలు ఎక్కడెక్కడ వాడుతున్నారో వెతుకుతూ ఆయన ఆ మీమ్‌లను చూసి మొదట నొచ్చుకున్నారు. తర్వాత సర్దుకుని, 2018లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో వేదిక మీద తన కథ తానే చెప్పారు, వాణిజ్య ప్రకటనల్లోనూ నటించారు. కనీసం ఆయన కెమెరా ముందుకు ఇష్టపడే వచ్చారు. తనకు తెలియకుండా ఎవరో చిత్రీకరించిన వ్యక్తి విషయంలో ఆ పాటి అంగీకారం కూడా ఉండదు కాబట్టి, అటువంటి వీడియోను హాస్యపాత్రల వరుసలో చేర్చడానికి నేను ఒప్పుకోను. బాధితులు మీరే అయితే, ఆయా వేదికల్లో ఉండే ఫిర్యాదు సదుపాయాన్ని మొదటి రోజే వాడుకోండి. కాపీలు పెరిగిన కొద్దీ తొలగించడం కష్టమవుతుంది.