మంచు చిరుత అంత ఎత్తులో ఎలా బతుకుతుంది? దాని రక్తంలోనే ఏదైనా ప్రత్యేకత ఉందా?

ముందు రక్తం సంగతి. 3,000 నుంచి 5,500 మీటర్ల ఎత్తులో తిరిగే జంతువు కదా, దాని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుందని చాలామంది రాస్తుంటారు. 2015లో పరీక్షించి చూస్తే అలాంటిదేమీ లేదని, ఆ విషయంలో అదీ మిగతా పిల్లి జాతుల్లాంటిదేనని తేలింది. ఆక్సిజన్ కొరతకు స్పందించే జన్యువుల్లో కొన్ని మార్పులను మాత్రం 2013లో గుర్తించారు.

నా లెక్కలో దాని అసలు బలం ఎత్తును తట్టుకోవడంలో లేదు, ఏటవాలు రాళ్ల మీద మెలగడంలో ఉంది. మంగోలియా, రష్యాల్లో ఇది ఇంకా చాలా కిందనే ఉంటుంది. దానికి కావలసింది ముక్కలు ముక్కలుగా విరిగిన కొండచరియలు. ముందుకాళ్లు పొట్టి, వెనకకాళ్లు పొడవు కాబట్టి పైకి ఎగబాకడానికి, దూకడానికి వీలు. తోక 80 నుంచి 105 సెం.మీ., దాదాపు ఒంటి పొడవుకు దగ్గర. అది వేటాడే భరల్ అనే అడవి కొండగొర్రె వాలు మీద పరుగెడుతూ ఒక్కసారిగా పక్కకు తిరిగితే, వెంటపడిన చిరుత తూలిపోకుండా ఆపేది ఆ తోకే. పడుకున్నప్పుడు దాన్నే ముఖానికి చుట్టుకుంటుంది. వేట కూడా పైనుంచి మాటు వేసి, కొద్దిదూరం ఉరికి పట్టడమే. దొరక్కపోతే ఎక్కువసేపు తరమదు. పలచటి గాలిలో అదే తెలివైన పని.

చలికి పొట్ట మీద 12 సెం.మీ. దాకా పెరిగే బొచ్చు, చిన్న గుండ్రటి చెవులు, పీల్చిన గాలిని వేడిచేసే పెద్ద నాసికా కుహరం ఉన్నాయి. వెడల్పాటి పాదాల అడుగున కూడా బొచ్చే. అలాగని లోతైన మంచులో హాయిగా తిరుగుతుందనుకోకండి. అక్కడ దానికీ కష్టమే, వీలైతే వేరే జంతువులు తొక్కిన దారే పడుతుంది.

చూడాలని వెళ్లేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే: తెల్లటి మంచు మైదానాన్ని జల్లెడ పడుతుంటారు. దాని బూడిదరంగు ఒళ్లు, చెదిరిన మచ్చలు రాళ్లలో కలిసిపోవడానికి పనికొచ్చేవి. తెల్లవారుజామున, సాయంత్రం శిఖరాల అంచులు, కొండ పాదాలు, పక్కకు వాలిన బండల కిందుగా స్కోప్ (దూరదర్శిని) తిప్పండి. అలాంటి బండల మీద మూత్రం చిమ్మిన మరకలు, దగ్గర్లో వెనకకాళ్లతో గీరిన చిన్న గుంటలు ఉంటే అది తరచూ వాడే దారి అన్నమాట. అవి కనబడితే వాటిని తొక్కకుండా ఎదురు వాలుకు వెళ్లి, అక్కడి నుంచి చూడండి.