అతుకు ఎక్కడుందో ముందు చూడు

చిట్టితల్లీ,

డచ్‌లో రాయడం వస్తోంది గానీ పొడుగాటి మాటలు నోరు తిరగడం లేదన్నావు. ఉట్రెక్ట్ వచ్చిన కొత్తలో నాదీ అదే అవస్థ.

మన నాలుకకు సంధి అలవాటు. హల్లు కనబడితే చాలు, తర్వాతి అచ్చుకు అంటించేస్తాం. డచ్‌లో ఆ పొడుగాటి మాటలు రెండు మూడు మాటలు అతికిన సమాసాలు, ఆ అతుకు దగ్గర ఆ పని చేయకు. ఫ్యామిలీ డాక్టరు 'హౌస్-ఆర్ట్స్'. మనం 'హౌ-సార్ట్స్' అనేస్తాం. రాత్రి భోజనం 'ఆవొంట్-ఏటెన్' చూడు. అందులో 'సాయంత్రం' అనే అర్థమున్న మొదటి ముక్క రాతలో 'డ'తో ముగుస్తుంది. మాట చివరి 'డ' వాళ్ల నోట్లో 'ట' అవుతుంది. వెనకాల అచ్చు ఉన్నా సరే, అతుకు దగ్గర మాట అయిపోయినట్టే లెక్క. అందుకే 'ఆవొండేటెన్' కాదు.

మావిడాకులు తెమ్మంటే 'మా విడాకులు' అని వినబడటం మనకు తెలిసిందేగా. వాళ్లకూ ఉంది అలాంటిది. ఒకే అక్షరాల వరుసను 'మసాజె-బెట్' అని విరిస్తే మసాజ్ మంచం, 'మస్సా-ఖెబెట్' అని విరిస్తే సామూహిక ప్రార్థన. మొదటిదానిలో ఊనిక, అంటే నొక్కి పలకడం, 'సా' మీద, రెండోదానిలో 'మ' మీద. అతుకు జరిగితే ఊనికా జరుగుతుంది, నడుమ హల్లు పలుకూ మారుతుంది.

మామూలుగా ఊనిక మొదటి ముక్కదే. అలాగని మొదటి అక్షరం మీదే అనుకోకు. ఆ ముక్క విడిగా ఎక్కడ నొక్కుతుందో అక్కడే. పన్నుల శాఖ 'బెలాస్టింగ్-డీన్స్ట్'లో 'లా' మీద, నీ నివాస అనుమతి 'వెర్‌బ్లైఫ్స్-వెర్‌ఖున్నింగ్'లో 'బ్లై' మీద. నడుమ వచ్చే 'స్' జిగురు లాంటిది, ముందు ముక్కతోనే పలకాలి.

కొన్ని మాట వినవు. ఆసుపత్రి 'జీకెన్-హౌస్'లో ఊనిక 'జీ' మీద ఉంటే, మునిసిపల్ భవనం 'స్టట్-హౌస్'లో 'హౌస్' మీదికి పోతుంది. నేను 'స్టట్' మీద నొక్కి దారి అడిగితే బస్సు డ్రైవరు మూడుసార్లు చెప్పించుకున్నాడు. ఊళ్ల పేర్లూ అంతే: ఆమ్‌స్టర్‌డామ్, రోటర్‌డామ్ చివర నొక్కుతాయి, ఐంట్‌హోవెన్ మొదట. ఇలాంటివి చెవితో పట్టుకోవాల్సిందే.

కొత్త మాట తగిలితే పెన్సిల్‌తో అతుకు దగ్గర గీత పెట్టు. చివరి ముక్క ముందు చదువు, అది ఏ వస్తువో చెబుతుంది. తర్వాత ఒక్కో ముక్కా విడిగా పలికి, ఊనిక దగ్గర బల్ల మీద వేలితో తట్టి, అప్పుడు కలుపు. గబగబా కలిపేయకు తల్లీ, అక్కడే అందరం చెడేది.

ఆదివారం వచ్చేటప్పుడు నీ అనుమతి ఉత్తరం పట్టుకురా. ఇద్దరం కూర్చుని గీతలు పెడదాం.

ప్రేమతో,
మీ పెద్దమ్మ