ఐదు రోజుల్లో లిస్బన్, సముద్రతీరం: ఆల్గార్వ్ కూడా కలుపుకోవచ్చా?

మే నెలాఖరులో మీరూ మీ ఆవిడా హైదరాబాద్ నుంచి పోర్చుగల్ వెళ్తున్నారు, చేతిలో ఉన్నది ఐదు రోజులు. లిస్బన్‌తో పాటు ఆల్గార్వ్ బీచ్‌లు కూడా అవుతాయా, కారు అద్దెకు తీసుకోవాలా, గుడ్డు కూడా ముట్టని మీ ఆవిడకి తిండి సంగతేమిటి, ఇవీ మీరడిగినవి.

ఆల్గార్వ్ వదిలేయండి. కారు అసలే వద్దు. తిండి దొరుకుతుంది, కాకపోతే నోరు తెరిచి అడిగి మరీ తెప్పించుకోవాలి.

ఆల్గార్వ్ అంటే దేశానికి దక్షిణపు కొస. లిస్బన్ నుంచి ఫారోకి రైల్లో దాదాపు మూడు గంటలు. ఫోటోల్లో చూసి మనసు పడే ఆ పసుపు రాళ్ళ బీచ్‌లు లాగోస్ వైపున్నాయి, అక్కడికి ఇంకా దూరం, మధ్యలో రైలు మారాలి. రానూ పోనూ ఒక రోజంతా రైలుకే సమర్పయామి. పైగా మనకి హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. దుబాయ్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో మారి దిగేసరికి మొదటి రోజు ఎలాగూ తూగుతూనే గడుస్తుంది. సముద్రమే కావాలంటే లిస్బన్ పక్కనే ఉంది, లోకల్ రైలెక్కితే నలభై నిమిషాలు. మా ఆయనా నేనూ ఊరు దాటి వేరే బస పెట్టుకోకుండా, పొద్దున వెళ్ళి రాత్రికి లిస్బన్ వచ్చేస్తూ తిరిగాం. రోజూ సూట్‌కేసులు సర్దే పని లేకపోవడం ఎంత హాయో అక్కడే తెలిసింది.

బస మాత్రం లిస్బన్ నడిబొడ్డున ఉన్న బైషా పేటలో చూసుకోండి. పాత పేట అల్ఫామా అందంగా ఉంటుందని అందరూ చెబుతారు, నిజమే, కానీ అది మెట్ల ఊరు. సన్న సందుల్లో నాపరాళ్ళ మీద సూట్‌కేసు చక్రాలు తిరగవు, పాత ఇళ్ళల్లో చాలావాటికి లిఫ్టు ఉండదు. బైషా చదునుగా, తిన్నటి వీధులతో ఉండటానికి కారణం 1755 నవంబర్ 1. పండగ పూట, జనం చర్చిల్లో ఉన్న వేళ భూకంపం వచ్చింది. వెనకే ఊరి పక్కనున్న తేజో నదిలోకి సునామీ, ఆపైన రోజుల తరబడి మంటలు. తర్వాత మార్కెస్ దె పొంబాల్ అనే మంత్రి ఈ భాగాన్ని మొదట్నుంచీ గీయించి కట్టించాడు. మళ్ళీ భూమి కదిలితే తట్టుకోవాలని గోడల లోపల చెక్క చట్రాలు పెట్టించాడు. పైన షియాదో అనే పేట పక్కన కార్మో చర్చి ఉంది, ఆ రోజు కూలిన కప్పుని తిరిగి వెయ్యలేదు. కమానులు మాత్రం నిలబడి ఉంటాయి, వాటి మధ్యలోంచి ఆకాశం. లిస్బన్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన కట్టడం అదే. ఆ పక్కనే, కింద బైషా నుంచి పైకి తెచ్చే శాంత జుస్త లిఫ్టు కోసం కట్టే క్యూలో నిలబడక్కర్లేదు, షియాదో వైపు నుంచి నడిచి వస్తే లిఫ్టు చేరే పై వంతెన దగ్గరికే తేలుతారు.

విమానాశ్రయం ఊళ్ళోనే ఉంది. మెట్రో ఎర్ర లైన్లో ఎక్కి అలమేదాలో ఆకుపచ్చ లైన్‌కి మారితే బైషా పక్కనే ఉన్న రోసియోలో దిగుతారు. అక్కడే నవెగాంత్ కార్డు కొని డబ్బు వేయించుకోండి. మెట్రో, ట్రామ్, కొండ ఊరు సింత్రాకి వెళ్ళే రైలు, తీరపు ఊరు కష్కైష్‌కి వెళ్ళే రైలు, నది దాటే ఫెర్రీ అన్నిటికీ అదే పనికొస్తుంది. మనిషికొక కార్డు ఉండాలి, ఒక్కదాంతో ఇద్దరు దాటలేరు.

పాత పేటల గుండా తిరిగే 28 నంబరు ట్రామ్ గురించి వినే ఉంటారు. అది బయల్దేరే మార్తిం మొనీష్ కూడలి దగ్గర ఎక్కాలంటే తిరునాళ్ళే. రెండో చివర, కాంపో దె ఒరీక్ వైపు, పొద్దున్నే ఎక్కితే కిటికీ పక్క సీటు దొరికే అవకాశం ఉంది. జేబుదొంగలు ఆ ట్రామ్‌లో ఉద్యోగం చేస్తున్నంత శ్రద్ధగా ఉంటారు, పాస్‌పోర్టులు గదిలో పెట్టి వెళ్ళండి.

ఊరికి పడమట నది ఒడ్డునున్న బెలేంకి ఒక పూట ఇవ్వండి, సోమవారం కాకుండా. అక్కడి జెరోనిమోస్ మఠానికి ఆ రోజు సెలవు. అందరూ బెలేం టవర్ దగ్గర ఫోటో దిగి, పక్కన 1837 నుంచి నడుస్తున్న మిఠాయి దుకాణంలో పాస్టెల్ అనే గుడ్డు సొన మిఠాయి తిని వెళ్ళిపోతుంటారు. మీరు మఠం చర్చిలోకి వెళ్ళండి. మేం వెళ్ళినప్పుడు చర్చికి టికెట్ లేదు, లోపలి ఆవరణకే ఉంది. ద్వారం దాటగానే వాస్కో ద గామా సమాధి. తెల్లటి రాతి పెట్టె మీద గడ్డం మనిషి చేతులు జోడించి పడుకుని ఉంటాడు, పక్కల్లో తాళ్ళు, ఓడ చెక్కి ఉంటాయి. ఈ చెక్కడం 19వ శతాబ్దానిది. మనిషి చనిపోయింది మన కొచ్చిలో, 1524లో. మొదట పాతిపెట్టింది కూడా ఫోర్ట్ కొచ్చి చర్చిలోనే, 1539లో అస్థికలు పోర్చుగల్‌లోని విదిగైరా అనే ఊరికి తెచ్చుకున్నారు, ఈ మఠానికి మార్చింది 1880లో. బళ్ళో "1498, కాలికట్" అని బట్టీ పట్టిన పేరు అక్కడ పడుకుని ఉంటే వింతగా ఉంటుంది. చుట్టూ ఉన్నవాళ్ళు భక్తిగా ఫోటోలు తీసుకుంటున్నారు. నాకేమో ఇదే మనిషి 1502లో మక్కా నుంచి తిరిగొస్తున్న యాత్రికుల ఓడని ఆడవాళ్ళతో పిల్లలతో సహా తగలబెట్టించిన సంగతి గుర్తొచ్చింది. మా ఆయన మాత్రం స్తంభాల వైపు చూస్తూ, "ఇదంతా మన మిరియాల డబ్బే కదా" అన్నాడు. ఆ మాట ఒట్టి వెటకారం కాదు. మాన్యుయెల్ రాజు మొదలుపెట్టిన ఈ మఠం ఖర్చులో పెద్ద భాగం ఆఫ్రికా, తూర్పు దేశాల వ్యాపారం మీద వేసిన సుమారు ఐదు శాతం పన్నులోంచి వచ్చిందే. ఆ రాతి పనిని మెచ్చుకోకుండా ఉండలేం, అలాగని మనసు తేలిక కూడా కాదు. మీకెలా అనిపిస్తుందో చూసుకోండి, గబగబా మాత్రం తిరిగి రావద్దు.

ఇక సముద్రం. దీనికి రెండు రోజులు పెట్టండి.

ఒక రోజు సింత్రా, కాబో ద రోకా. రోసియో స్టేషన్ నుంచి పొద్దున మొదటి రైళ్ళలో ఏదో ఒకటి పట్టుకోండి. సింత్రాలో కోటలూ భవనాలూ చాలా ఉన్నాయి, అన్నీ చూడబోతే ఏదీ చూసినట్టుండదు. ఎర్రా పసుపూ రంగుల పేనా భవనం చూడాలనుకుంటే టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. టికెట్ మీది సమయం కింద గేటుది కాదు, భవనం గుమ్మానిది. గేటు నుంచి ఆ గుమ్మానికి ఎక్కుడు దారిలో దాదాపు అరగంట పడుతుంది, ఇది తెలియక కింద నింపాదిగా కాఫీ తాగుతూ కూర్చునేవాళ్ళు కనిపిస్తారు. నన్నడిగితే పేనా లోపలి గదుల కంటే కింటా ద రెగలైరా మేలు. ఊళ్ళోంచి నడిచి వెళ్ళొచ్చు. దిగుడుబావి లాంటిది ఒకటుంది, 27 మీటర్ల లోతు, చుట్టూ తిరుగుతూ మెట్లు దిగుతాం. నీళ్ళ కోసం తవ్వింది కాదు, ఓ ధనవంతుడి సరదా. అడుగున సొరంగం, దాంట్లోంచి తోటలో ఇంకెక్కడో తేలతాం.

మధ్యాహ్నం సింత్రా నుంచి బస్సులో కాబో ద రోకా. యూరప్ ప్రధాన భూభాగానికి పడమటి చివర. సముద్రం కొండ అంచు కింద దాదాపు 140 మీటర్ల లోతున ఉంటుంది. అక్కడ ఒక దీపస్తంభం, అక్షాంశ రేఖాంశాలు చెక్కిన ఒక రాతి దిమ్మ, ఒక చిన్న ఆఫీసు, అంతే. ఆ ఆఫీసులో డబ్బు కడితే మీరు పడమటి కొసకి వచ్చారని మీ పేరుతో సర్టిఫికెట్ రాసిస్తారు. మా ఆయన తీసుకున్నాడు, ఇప్పుడది ఇంట్లో కరెంటు బిల్లుల ఫైల్లో ఉంది. గాలి మామూలు గాలి కాదు. చున్నీ ముఖానికి చుట్టుకుపోతుంది, మాట పక్కవాళ్ళకి వినపడదు. కింద ఊళ్ళో ఎండ కాస్తున్నా జాకెట్టు తీసుకెళ్ళాల్సిందే. కంచె దాటి అంచు దాకా వెళ్ళి ఫోటోలు దిగేవాళ్ళుంటారు, అలా జారి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. మీరు ఇవతలే ఉండండి.

మాది విశాఖ. పుట్టి బుద్ధెరిగాక సూర్యుడు సముద్రంలోంచి లేవడమే చూశాం, సముద్రంలో మునగడం చూడలేదు. అందుకే అక్కడ ఆగాం. మే నెలాఖరులో సూర్యాస్తమయం తొమ్మిది గంటలకి కాస్త ముందు. అప్పటిదాకా ఉండాలంటే చివరి బస్సు ఎన్నింటికో ఆ రోజు పొద్దునే చూసి పెట్టుకోవాలి. అది ముందే వెళ్ళిపోతుందంటే తిరుగు ప్రయాణానికి ఊబరో బోల్టో చీకటి పడకముందే మాట్లాడుకోవడం మంచిది, ఆ కొసకి బండ్లు ఖాళీగా తిరగవు.

రెండో రోజు కష్కైష్. కైష్ దు సొద్రే స్టేషన్లో రైలెక్కి ఎడమ వైపు కూర్చోండి. మొదట నది, ఆ తర్వాత ఎక్కడ ముగిసిందో తెలియకుండా సముద్రం, దారంతా కిటికీలోనే ఉంటుంది. రెండు స్టేషన్ల ముందు ఎస్తోరిల్‌లో దిగి, నీళ్ళ పక్కనే వేసిన కాలిబాట మీద కష్కైష్ దాకా నడిచి వెళ్ళొచ్చు. దారిలో చిన్న చిన్న ఇసుక తిన్నెలు, ఎక్కడ నచ్చితే అక్కడ కూర్చోవడమే. ఊరు దాటి పడమటికి కాసేపు నడిస్తే బోకా దు ఇన్ఫెర్నో, రాళ్ళ బొరియలోకి అలలు వచ్చి కొట్టుకునే చోటు. సముద్రం మెత్తగా ఉన్న రోజు అక్కడ చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. ఇక స్నానం సంగతి: నీళ్ళు చల్లగా కాదు, కరెంటు కొట్టినట్టుంటాయి. బంగాళాఖాతం గోరువెచ్చదనానికి అలవాటు పడ్డ కాళ్ళు మోకాళ్ళ దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాయి. తెల్లవాళ్ళ పిల్లలు మాత్రం కేరింతలు కొడుతున్నారు.

కారు వద్దన్నది ఇందుకే. వీటిలో రైలో బస్సో వెళ్ళని చోటు లేదు. లిస్బన్ సందుల్లో పార్కింగ్ దొరకదు, సింత్రా కొండ దారుల్లో కొన్నిటిలోకి బయటి కార్లని పోనివ్వరు.

తిండి. రెస్టారెంట్లో కూర్చోగానే అడక్కుండానే రొట్టె, ఆలివ్‌లు, వెన్న, చీజ్ ముక్కలు తెచ్చి పెడతారు. ఉచితం అనుకోకండి, తింటే బిల్లులో ఒక్కోదానికీ విడిగా వేస్తారు. ముట్టకపోతే వెయ్యరు, వద్దంటే నవ్వుతూ తీసుకెళ్తారు. మీ ఆవిడకి అసలు చిక్కు గుడ్డుతో. పాస్టెల్ ద నాత లోపలిది పచ్చసొనతో చేసిందే, సింత్రా మిఠాయిల్లోనూ గుడ్డు ఉంటుంది. కాల్దో వెర్దె అని ఆకుకూర సూప్ ఉంటుంది, చూస్తే శాకాహారమే, కానీ అడుగున సాసేజ్ ముక్క ఉంటుంది. మాంసం వద్దంటే చేప తెచ్చే దేశం అది. "సైం కార్న్, సైం పైష్, సైం ఓవు" (Sem carne, sem peixe, sem ovo) అని ఫోన్లో రాసుకుని చూపించండి: మాంసం, చేప, గుడ్డు లేకుండా అని. కూరగాయల సూప్, అన్నం, చిక్కుళ్ళు, సలాడ్, చీజ్ రొట్టె దాదాపు ఎక్కడైనా దొరుకుతాయి. అప్పుడే చెర్రీల కాలం కూడా, ఫుందావ్ చెర్రీలు కనిపిస్తే వదలకండి. మన భోజనం మీద ప్రాణం పోతే మార్తిం మొనీష్ చుట్టుపక్కల బంగ్లాదేశీ, నేపాలీ, ఇండియన్ హోటళ్ళున్నాయి. ఊరికి ఉత్తరాన రాధాకృష్ణ మందిరం కూడా ఉంది. మొజాంబిక్ నుంచి వచ్చి స్థిరపడ్డ గుజరాతీలది, అక్కడి క్యాంటీన్‌లో పూర్తి శాకాహార భోజనం పెడతారు.

మీరు తింటారు కాబట్టి బకల్యావ్ ఒకసారి తినండి, ఉప్పు పట్టించి ఎండబెట్టిన కాడ్ చేప. బైషాలో ఆ చేపలు దొంతర్లుగా పేర్చిన కొట్టు ముందు నుంచి వెళ్తుంటే పూర్ణా మార్కెట్ ఎండుచేపల వరసలో నడుస్తున్నట్టే ఉంది. తమాషా ఏమిటంటే ఆ చేప వాళ్ళ సముద్రంలో దొరకదు, నార్వే, ఐస్‌లాండ్ వైపు నుంచి వస్తుంది.

పోర్చుగల్ వెళ్ళడానికి కావలసిన షెంజెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేసుకోవచ్చు. అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం కాబట్టి ఆలస్యం చెయ్యకండి. కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ తప్పనిసరి.

ప్రయాణం జూన్‌కి జరపమని ఎవరైనా చెప్పొచ్చు. జూన్ 12 రాత్రి సాంతు ఆంతోనియు పండగ, అల్ఫామా సందు సందునా బొగ్గుల మీద సార్డిన్ చేపలు కాలుస్తారు, తెల్లవార్లూ పాటలు. చూడదగ్గ పండగే, కానీ హోటల్ గదుల ధరలు చుక్కలనంటుతాయి. చేప పొగలో మీ ఆవిడని తెల్లవార్లూ నిలబెట్టే ధైర్యం మీకుంటే తప్ప మే నెలాఖరే ఉంచుకోండి.