ఇంట్లో కుట్టుపని: గిరాకీ ఉన్నా డబ్బు మిగలనప్పుడు, మిషన్ ముందు కూర్చోబుద్ధి కానప్పుడు

షాపులో పని మానేసి ఎనిమిది నెలలుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నానన్నారు. గిరాకీ ఉందట, అయినా నెలాఖరుకు చేతిలో ఏమీ ఉండట్లేదట, పొద్దున్నే మిషన్ దగ్గరికి వెళ్లాలంటే మనసు రావట్లేదట. మళ్లీ షాపుకే పోవాలా, అప్పు చేసి జూకీ, అంటే షాపుల్లో వాడే వేగంగా కుట్టే పెద్ద మిషన్, కొనాలా అని అడిగారు. నేను ఖమ్మంలో పదకొండేళ్లుగా ఇంట్లోనే కుడుతున్నాను. మీ పరిస్థితి నాకు రెండో ఏడాదిలో వచ్చింది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

డబ్బు మిగలకపోవడం, మనసు రాకపోవడం రెండు వేర్వేరు కష్టాలని మీరు అనుకుంటున్నారు. నాకైతే ఆ రెండూ ఒకటేనని తేలింది. ఎంత కష్టపడితే ఎంత వస్తుందో తెలియని పని మీదకు మనసు వెళ్లదు. అది బద్ధకం కాదు, మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

ఆ ఏడాది శ్రావణంలో 84 జాకెట్లు కుట్టాను. కొలత కోసం ఇచ్చే ఆది జాకెట్లకు కట్టే చీటీలు ఒక డబ్బాలో వేసేదాన్ని కాబట్టి లెక్క తెలుసు. వరలక్ష్మీవ్రతం ముందు వారమంతా రాత్రి ఒంటిగంట దాకా మిషన్ ఆగలేదు. నెల తిరిగాక పాప ఫీజు కడదామని చూస్తే పర్సులో నాలుగు వేలు కూడా లేవు. మర్నాటి నుంచి నాలుగు రోజులు మిషన్ మూత తీయలేదు. ఒంట్లో బాగాలేదని అందరికీ చెప్పాను. ఒళ్లు బాగానే ఉంది, మనసే విరిగిపోయింది.

ఐదో రోజు రాత్రి పాప నోటుబుక్కులో ఖాళీ పేజీ తీసుకుని కూర్చున్నాను. అప్పుడు నా రేటు లైనింగుతో కలిపి 250. లైనింగు గుడ్డకు 65, దారం, హుక్కులు, మెడకు కాన్వాస్, పైపింగ్ కలిపి 20. చేతికి వచ్చేది 165. కటింగుకు అరగంట, కుట్టుకు గంటన్నర, హెమ్మింగు (అంచులు మడిచి చేత్తో కుట్టడం), హుక్కులు, ఇస్త్రీకి ఇంకో గంట. మూడు గంటలకు 165 అంటే గంటకు 55 రూపాయలు. దాంట్లోంచే పక్కింటివాళ్లకు ఊరికే వేసిచ్చిన ఫాల్స్, పీకో, 'ఒక్క కుట్టు వదులు చేసిపెట్టు' అని వచ్చినవాళ్లకు పెట్టిన గంటలు, పాడుచేసి నా డబ్బుతో కొనిచ్చిన ఒక పట్టు ముక్క, అన్నీ పోవాలి. వచ్చిన డబ్బు వచ్చినట్టే కూరగాయలకూ గ్యాసుకూ వెళ్లిపోయింది. ఏడుపు వచ్చింది గానీ, ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపట్టింది. ఎక్కడ కారుతోందో కనిపించింది కదా.

ఆ పట్టు ముక్క సంగతి చెప్పాలి. పెళ్లి జాకెట్టు, ముదురు మెరూన్, చేతులకు పెద్ద జరీ అంచు. రాత్రి పన్నెండు దాటాక కత్తిరించాను. అంచు తగ్గకూడదని చేతులు ఒక్కొక్కటిగా వేసుకున్నాను, రెండోదానికి గుడ్డ తిరగేయడం మరిచిపోయాను. రెండు చేతులూ కుడిచేతికే వచ్చాయి. టేబుల్ మీద పక్కపక్కన పెట్టినప్పుడు చంక దగ్గర లోతు రెండింటికీ ఒకేవైపు కనిపించింది. అంచు సరిగ్గా సరిపోయేంతే ఉంది, మళ్లీ కత్తిరించడానికి గుడ్డ లేదు. ఆ రంగు కోసం ఊళ్లో బట్టల షాపులన్నీ తిరిగి 1,800 పెట్టి కొన్నాను. ఆ రోజు నుంచి దీపాలు పెట్టాక కత్తెర పట్టను. కటింగు మొత్తం పొద్దుటి వెలుతురులోనే. రాత్రి కుట్టు కుడతాను, హెమ్మింగు చేస్తాను, కత్తెర మాత్రం ముట్టను. నష్టం తప్పించడానికి పెట్టుకున్న ఈ నియమమే తర్వాత నా పొద్దుటి పనికి ఊతమైంది. ఎండ పోతే కటింగు ఉండదు కాబట్టి తొమ్మిదిన్నరకల్లా టేబుల్ దగ్గర ఉండాల్సిందే.

రేటు విషయానికి వస్తే, లైనింగు విడిగా రాసి కుట్టుకూలి పెంచాను. రెండు వారాలు నోరు పెగల్లేదు. అప్పుడు మా అన్నయ్య కొడుకు చేత రేట్లన్నీ ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాయించి మిషన్ పైన గోడకు తగిలించాను. సాదా జాకెట్టు, లైనింగు జాకెట్టు, ప్రిన్సెస్ కట్, ఫాల్ పీకో, ఆల్టరేషన్, అన్నింటికీ రేటు. నోటితో చెబితే బేరం, గోడ మీద ఉంటే చదువుకుంటారు. నలభై మంది దాకా పాత వాళ్లలో ఆరేడుగురు రావడం మానేశారు. వాళ్లలో ముగ్గురు దసరాకు తిరిగొచ్చారు. బతుకమ్మకు కొత్త చీర కట్టాలంటే జాకెట్టు టైముకు ఇచ్చే మనిషి కావాలి.

డబ్బు విడిగా పెట్టడం అన్నింటికన్నా ముఖ్యం. కుట్టు డబ్బు కోసమే ఒక బ్యాంకు ఖాతా తెరిచి, ఆ క్యూఆర్ కోడ్ అట్ట మిషన్ పక్కన పెట్టండి. ఇంటి ఖర్చుకు నెలకు ఇంత అని ఒకటో తారీఖున మీకు మీరే జీతంలా ఇచ్చుకోండి, మధ్యలో ఆ ఖాతాను ముట్టుకోకండి. మన పని ఏడాదంతా ఒకేలా ఉండదు. శ్రావణం, దసరా, కార్తీకం, మాఘం, ఫాల్గుణం మనవి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పెళ్లిళ్లు ఉండవు, మధ్యలో మూఢాలు ఒకటి. శ్రావణం డబ్బు భాద్రపదానికి కూడా అనుకుని దాచుకోవాలి. నేను సీజన్ నెలల్లో వచ్చినదాంట్లో నాలుగో వంతు పక్కన పెడతాను. చీటీలు వేయమని చాలామంది అడుగుతారు. ఖాళీ నెలలో వాయిదా కట్టలేక ఒకసారి మాట పడ్డాను, అందుకే పోస్టాఫీసులో నెలనెలా కట్టే ఆర్డీలోకి మారాను. నెలకు 100 నుంచి కట్టొచ్చు.

కరెంటు గురించి చాలామందికి తప్పుడు భయం ఉంది. మామూలు మిషన్ మోటారు 100 వాట్ల లోపే ఉంటుంది, పది గంటలు ఆపకుండా నడిచినా ఒక యూనిట్ దాటదు. తినేది ఇస్త్రీ పెట్టె. వెయ్యి వాట్ల పెట్టెను కుట్టుకొకసారి వేడిచేస్తూ ఉంటే బిల్లు అక్కడే పెరుగుతుంది. నేను ఆ రోజు జాకెట్లన్నీ కలిపి సాయంత్రం ఒకేసారి ఇస్త్రీ చేస్తాను. మీరూ తెలంగాణలోనే ఉండి ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి వస్తుంటే ఇది ఇంకా ముఖ్యం. 200 యూనిట్ల లోపైతే జీరో బిల్లు, దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. ఎండాకాలంలో ఇరవయ్యో తారీఖు దాటాక రోజూ మీటరు చూస్తాను.

లైనింగు మీటర్ల లెక్కన కొనకండి. నేను మూడు నెలలకోసారి సికింద్రాబాద్ జనరల్ బజార్ వెళ్లి బాగా నడిచే రంగులు, తెలుపు, క్రీము, ఎరుపు, ముదురు ఆకుపచ్చ, తానుల్లో తెచ్చుకుంటాను. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టుకు డబ్బు లేదు కాబట్టి దారిఖర్చు కూడా తగ్గింది. తెచ్చిన కాటన్ లైనింగును తడిపి ఆరేశాకే కత్తిరించండి. లేకపోతే మొదటి ఉతుకుకు లోపల గుడ్డ కుంచించుకుపోయి జాకెట్టు మీ గుమ్మానికి తిరిగొస్తుంది. ఆ ఊడదీసి కుట్టే గంటకు డబ్బు ఎవరూ ఇవ్వరు.

మనసు విషయంలో నాకు పనిచేసినవి చిన్నవే. రాత్రి లేచేటప్పుడు ఒక సులువైన కుట్టు సగంలో ఆపి, గుడ్డను సూది కిందే ఉంచి మూత వేస్తాను. పొద్దున మూత తీయగానే మిగతా సగం ఎదురుగా ఉంటుంది, కాలు దానంతటదే పెడల్ మీదకు వెళ్తుంది. నైటీలో కూర్చోను. స్నానం చేసి చీర కట్టుకుని కూర్చుంటేనే ఇంట్లోవాళ్లకూ అది పని అని తెలుస్తుంది. 'ఇంట్లోనే ఉన్నావుగా' అనే మాట మా ఆయన నోట పోవడానికి ఏడాది పట్టింది. నోటుబుక్కు చూపించాకే పోయింది. హెమ్మింగు మా వీధి చివర అమ్మాయికి ఇస్తున్నాను, జాకెట్టుకు 30. నా అరగంట మిగలడం ఒక ఎత్తు, రోజూ నాలుగింటికి ఆమె వచ్చి పక్కన కూర్చుంటే ఆ మాటలు ఒక ఎత్తు. షాపులో మీకు నలుగురు ఉండేవారు, ఇప్పుడు ఎవరూ లేరు. మీ దిగులులో సగం అదేనేమో చూసుకోండి. ఆదివారం మిషన్ మూత తీయకండి, శ్రావణంలో కూడా. నడుము ఒకటే ఉంది.

అప్పు గురించి. చేతివృత్తులవాళ్ల కోసం కేంద్రం 2023లో మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీ పని కూడా ఉంది. శిక్షణ రోజుల్లో రోజుకు 500 ఇస్తారు, పనిముట్లకు 15,000 ఈ-వోచర్, ఆ తర్వాత తొలి విడతగా లక్ష దాకా 5 శాతం వడ్డీకి అప్పు. కుటుంబంలో ఒక్కరికే. కామన్ సర్వీస్ సెంటర్‌లో వివరాలు అడగండి. చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. జీఎస్టీ అంటూ భయపెడతారు, కుట్టుకూలికి ఏడాదికి 20 లక్షలు దాటేదాకా ఆ మాట మనకు అక్కర్లేదు.

షాపుకు తిరిగి వెళ్లాలా అన్నది ఇప్పుడే తేల్చకండి. ముందు ఈ శ్రావణం నుంచి మాఘం దాకా ప్రతి జాకెట్టుకూ గుడ్డ ఖర్చు, పట్టిన టైము రాయండి. అప్పుడు గంటకు ఎంత వస్తోందో షాపు జీతం పక్కన పెట్టి చూడండి. తక్కువే వస్తుంటే షాపుకు వెళ్లడంలో తప్పేమీ లేదు.

జూకీ మాత్రం అప్పటిదాకా వద్దు. కుట్టు వేగం సరిపోక ఆర్డర్లు వెనక్కి పంపుతున్నారా, లేక కటింగు దగ్గరో హెమ్మింగు దగ్గరో పని ఆగుతోందా చూసుకోండి. నాకు ఆగింది హెమ్మింగు దగ్గర, దానికి జూకీ ఏం చేస్తుంది? ఆరో ఏడాదిలో పంజాబీ డ్రెస్సులు, పిల్లల లెహంగాలు ఎక్కువయ్యాకే కొన్నాను. మీరు కొనే రోజు వస్తే సర్వో మోటారు ఉన్నదే అడగండి. పాత క్లచ్ మోటారు మీరు కుట్టకపోయినా తిరుగుతూనే ఉంటుంది, కరెంటు తింటుంది, ఆ రొదకు ఇంట్లో పిల్లలు చదువుకోలేరు. సర్వో అయితే కాలు పెట్టినప్పుడే తిరుగుతుంది.